ఆరడుగుల పలక మీద సిక్ లైన్: ఎనిమిది వ్యాగన్ల షంటింగ్ లేఅవుట్ కట్టే పద్ధతి

మోడల్ రైల్వే అనగానే గుండ్రంగా పట్టాలు వేసి రైలును తిప్పడమే గుర్తొస్తుంది. మన ఇళ్లలో ఆ గుండ్రానికే చోటు చాలదు. హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87లో, మన రైళ్ల పాత రకం ఐసీఎఫ్ కోచ్ 24.5 సెం.మీ., కొత్త రకం ఎల్‌హెచ్‌బీ కోచ్ 27 సెం.మీ. ఉంటుంది. ప్యాకెట్లలో దొరికే వంపు పట్టాల వ్యాసార్ధం 371 లేదా 438 మి.మీ. అంత బిగువైన వంపులో అంత పొడుగు కోచ్‌లు పోతే మూలలు బయటికి తోసుకొస్తాయి, కప్లింగులు పక్కకు లాగుతాయి, చివరికి పట్టాలు తప్పుతాయి. పైగా తిరిగే రైలును కాసేపు చూశాక చేతికి పనుండదు.

అందుకే మొదటి లేఅవుట్‌గా షంటింగ్ లేఅవుట్ కట్టుకోండి. షంటింగ్ అంటే ఇంజనుతో వ్యాగన్లను ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చి, కావలసిన వరుసలో కూర్చడం. బ్రిటన్ మోడలర్ అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ అమరికకు లైను రెండుగా చీలే పాయింట్లు రెండు, చివర మూసుకుపోయే డెడ్ ఎండ్ లైన్లు మూడు, ఇంజను వ్యాగన్లను లాగి నిలిచే షంటింగ్ నెక్ ఒకటి చాలు. ఒక లైనులో 5 వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. మొత్తం ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీలో వచ్చిన ఐదింటిని, వచ్చిన వరుసలోనే కూర్చాలి. అలాంటి వరుసలు 6,720 ఉన్నాయి.

ఈ ఆట మన రైల్వేకు ఎక్కడ అతుకుతుందో కూడా చూసుకోవాలి. ఇప్పుడు మన దగ్గర సరుకు రవాణా దాదాపు అంతా నిండు రేకులుగానే, అంటే విడదీయని పూర్తి రైళ్లుగానే, నడుస్తోంది. సింగరేణి బొగ్గు మోసే పైకప్పు లేని బాక్స్‌ఎన్ రేకును మధ్యదారిలో ఒక్కో వ్యాగనుగా విడదీయరు. కానీ పరీక్షలో లోపం తేలిన వ్యాగన్లను రేకు నుంచి తీసి మరమ్మతు చేసే సిక్ లైనుకు పంపుతారు. బాగైనవాటిని ఏరి బయటికి తేవాలి, మిగిలినవాటిని లోపలికి నెట్టాలి. ఒక్కో వ్యాగన్ని ఏరి కూర్చే పని ఇక్కడ నిజంగానే ఉంటుంది. కాబట్టి మన లేఅవుట్ ఒక చిన్న సిక్ లైన్.

కొలతలు ముందు, కొనడం తర్వాత

బాక్స్‌ఎన్ వ్యాగన్ కప్లింగ్ నుంచి కప్లింగ్‌కు 10,713 మి.మీ. 87తో భాగిస్తే 123 మి.మీ. డబ్ల్యూడీఎం-2 తరహా డీజిల్ ఇంజను సుమారు 200 మి.మీ. ప్లాను మొత్తం ఈ రెండు అంకెల్లోంచే పుడుతుంది.

షంటింగ్ నెక్‌లో ఇంజను, మూడు వ్యాగన్లు పట్టాలి. 200కి 369 కలిపితే 569. కదలడానికి మూడు సెంటీమీటర్లు వదిలి 600 మి.మీ. పెట్టండి. పెద్ద లైనుకు 5 వ్యాగన్లు, అంటే 615. దాన్ని 640 చేయండి. చిన్న లైన్లకు 369. వాటిని 390 చేయండి. ఈ మూడు లైన్ల పొడవును పాయింటు చివర నుంచి కొలవకూడదు, ఫౌలింగ్ మార్క్ నుంచి లైను చివరి అడ్డు, అంటే బఫర్ దాకా కొలవాలి. పక్క లైనులో పోయే వ్యాగనుకు తగలకుండా ఎక్కడిదాకా నిలపవచ్చో అదే ఫౌలింగ్ మార్క్. బాక్స్‌ఎన్ వెడల్పు 37 మి.మీ. కాబట్టి రెండు లైన్ల నడిమి గీతల మధ్య కనీసం 45 మి.మీ. దూరం రావాలి. పీకో కంపెనీ చిన్న వ్యాసార్ధం పాయింటు 185 మి.మీ. పొడవుంటుంది, లైను 12 డిగ్రీల కోణంలో చీలుతుంది. అది ముగిశాక ఇంకో 9, 10 సెం.మీ. పోతేగానీ ఆ దూరం రాదు. కొత్తవాళ్లు ఈ పది సెంటీమీటర్లనే మరిచిపోతారు. పలక మీద అంతా అతికించాక ఐదో వ్యాగను పట్టదు.

కాబట్టి పెద్ద లైన్ని మొదటి పాయింటు నుంచే చీల్చండి. 600, 185, 95, 640 కలిపితే 1,520 మి.మీ. ఆరడుగుల పలక 1,830 మి.మీ. చివర ముప్పై సెంటీమీటర్లు మిగులుతాయి, సిగ్నల్ క్యాబిన్ అక్కడ వస్తుంది. మొదటి పాయింటు ఎడమ చేతిదైతే రెండోది కుడి చేతిది తీసుకోండి. అప్పుడు రెండో పాయింటు నేరు దారి మధ్య లైను, పక్క దారి మూడో లైను అవుతాయి.

పొడవులు మరీ ఎక్కువైనా ఆట చెడుతుంది. పెద్ద లైనులో ఆరో వ్యాగనుకు, చిన్నవాటిలో నాలుగో వ్యాగనుకు చోటు ఉండకూడదు. నెక్‌లో నాలుగు పడితే చిక్కుముడి తేలిపోతుంది. పాత న్యూస్‌పేపర్లు అతికించి నిజం సైజులో గీసి, పాయింట్లు దానిమీద పెట్టి, వ్యాగన్లు నిలిపి చూడండి. వ్యాగన్లు ఇంకా కొనకపోతే 123 మి.మీ. పొడవు, 37 మి.మీ. వెడల్పున అట్టముక్కలు కోసుకోండి.

ఒక రాజీ గురించి ఇక్కడే చెప్పాలి. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. హెచ్‌ఓలో అది 19.3 మి.మీ. కావాలి. మార్కెట్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ., అది 1,435 మి.మీ. స్టాండర్డ్ గేజికి సరిపోయేది. ఎదురుగా నిలబడి చూస్తే పట్టా సన్నగా కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే తేడా పెద్దగా తెలియదు. 19.3కి చేత్తో పట్టాలు వేసి, ప్రతి ఇరుసునూ మార్చుకోవడం సాధ్యమే. కానీ అది మొదటి లేఅవుట్‌కు తగిన పని కాదు.

పలక

పైపలకకు 9 మి.మీ. ప్లైవుడ్, 6 అడుగులకు 1 అడుగు. కింద చట్రానికి 12 మి.మీ. ప్లైవుడ్‌ని 7 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కోయించండి. పొడుగు పట్టీలు రెండు, అడ్డ పట్టీలు ఐదు. అడ్డ పట్టీలు పాయింట్ల కిందికి రాకుండా చూసుకోండి. తర్వాత పాయింట్ మోటారు పెట్టాలనిపిస్తే చోటుండాలి. వైర్లు పోవడానికి ప్రతి అడ్డ పట్టీకి నడుమ 15 మి.మీ. రంధ్రం ముందే వేయించండి. బిగించాక డ్రిల్లు లోపలికి దూరదు.

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్డే తీసుకోండి. ఏ ప్లైవుడ్డయినా రెండు ముఖాలకూ, నాలుగు అంచులకూ వుడ్ ప్రైమర్ రెండు పూతలు పడాలి. పైభాగానికి మాత్రమే రంగేసి వదిలేస్తే కిందివైపు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, పైవైపు ఉబ్బదు, పలక వంగుతుంది. పాయింటు కింద ఒక మిల్లీమీటరు వంగినా వ్యాగన్లు అక్కడే పట్టాలు తప్పుతాయి. అప్పుడు అందరూ పాయింటునే తిడతారు.

పట్టాలు

నికెల్ సిల్వర్ పట్టానే కొనండి. ఇందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకుల మిశ్రమం. ఉక్కు పట్టా తుప్పు పడుతుంది. ఇత్తడి పట్టా మీద పట్టే పొర కరెంటును ఆపుతుంది. కోడ్ 100 అంటే పట్టా ఎత్తు 2.54 మి.మీ. కొంచెం లావుగా కనిపించినా కొత్త చేతులకు ఇదే నయం, పాత ఇంజన్ల లోతు అంచు చక్రాలు కూడా తగలకుండా నడుస్తాయి. కావలసినట్టు వంచుకోగల 914 మి.మీ. ఫ్లెక్సీ పట్టాలు లెక్కకు మూడు చాలు. నాలుగు తీసుకోండి. మిగిలిన ముక్కల్ని చెక్కకు అతికించుకుంటే వ్యాగన్లు పరీక్షించే పట్టా అవుతుంది.

గీత మీద 3 మి.మీ. కార్క్ షీటును పట్టీలుగా కోసి ఫెవికాల్‌తో అతికించండి. పాయింట్ల కింద మాత్రం పట్టీలుగా కాకుండా ఒకే ముక్క వేయండి, అతుకు దగ్గర ఎత్తుపల్లాలు రావు. ముందు రెండు పాయింట్లను అమర్చి, వాటినుంచి బయటికి పట్టాలు వేసుకుంటూ పోండి. పట్టాను కోసేందుకు సన్నపళ్ల రంపం గానీ పట్టా కట్టర్ గానీ వాడండి. మామూలు కటింగ్ ప్లయర్ పట్టా తలను నలిపేస్తుంది. కోసిన ప్రతి చివరా లోపలి అంచును సన్న ఆకురాయితో గుండ్రం చేయండి. వేలితో తడిమితే ఎక్కడా గుచ్చుకోకూడదు.

అతుకుల దగ్గర అర మిల్లీమీటరు సందు వదలండి. మే నెల ఎండలకు పట్టా సాగేది కొద్దిగానే. తేమకు చెక్క కదిలేది అంతకంటే ఎక్కువ. సందు లేకపోతే పట్టా పక్కకు వంగి లేస్తుంది. పట్టాను కార్క్‌కు అతికించడానికి పలచని ఫెవికాల్ పూత చాలు. పాయింటులో పక్కకు కదిలే సన్న పట్టాల, అంటే టంగ్ రైళ్ల కింద చుక్క జిగురు కూడా పడకూడదు. పాయింట్లను జిగురుతో అతికించకుండా రెండేసి సన్న మేకులతో నిలపండి, ఎప్పుడైనా మార్చాల్సి వస్తే సులువు.

వైరింగు

ఇంత చిన్న లేఅవుట్‌కు డీసీ చాలు. 12 వోల్టులు, 1 ఆంపియరు ఇచ్చే, షార్ట్ అయితే తనంతట ఆగిపోయే కంట్రోలర్ కావాలి. 230 వోల్టుల భాగం ఏదీ మీరు విప్పే పని పెట్టుకోవద్దు, సీలు చేసిన అడాప్టర్‌నే వాడండి. కోర్‌లెస్ మోటారు ఉన్న ఇంజనైతే, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే నాసిరకం పల్స్ కంట్రోలర్ బోర్డుతో నడపకండి, మోటారు వేడెక్కుతుంది.

పలక కింద పొడవునా 1 చ.మి.మీ. ఇంటి వైరు రెండు రంగుల్లో లాగండి. ప్రతి పట్టా ముక్క నుంచి సన్న వైరు, 7/0.2 రకం, దానికి దింపండి. అతుకుల్లో పెట్టే ఫిష్‌ప్లేట్లు కరెంటు మోస్తాయని నమ్మకండి. మొదటి వానాకాలం గడిచేసరికి అవి వదులై, మసకబారి, ఇంజను ఒక్కో చోట ఆగడం మొదలవుతుంది.

సోల్డరింగుకు 25 వాట్ల ఐరన్, 0.8 మి.మీ. 60/40 తీగ, రెజిన్ ఫ్లక్స్ సరిపోతాయి. పట్టా బయటి పక్కను ఎమరీ పేపరుతో గీకి, కొంచెం సోల్డరు పూయండి. వైరు కొనకూ పూయండి. రెండూ కలిపి ఐరన్ ఆనించి రెండు, మూడు సెకన్లలో తీసేయండి. అంతకు మించితే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగి గేజి మారుతుంది. ఇరుపక్కలా తడి దూది పెడితే వేడి పాకదు. ఒక్కో వైరూ పెట్టగానే మల్టీమీటరు బీప్ మోడ్‌లో రెండు పట్టాల మధ్య చూడండి. బీప్ వస్తే ఇప్పుడే పెట్టిన వైరు తప్పు. అన్నీ పెట్టేశాక వెతికితే ఒక పూట పోతుంది.

అసలు చిక్కు పాయింట్లలో ఉంది. పీకో పాయింట్లు మూడు రకాలు. ఇన్సుల్‌ఫ్రాగ్‌లో రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగ్ ముక్క ప్లాస్టిక్, అక్కడ కరెంటుండదు. ఆరు ఇరుసుల డీజిల్ దాన్ని దాటేస్తుంది, చిన్న నాలుగు చక్రాల ఇంజను అక్కడే ఆగుతుంది. ఎలక్ట్రోఫ్రాగ్‌లో క్రాసింగ్ లోహం, పాయింటు ఎటు తిరిగితే అటువైపు కరెంటు తీసుకుంటుంది. దీన్ని వాడితే క్రాసింగ్ తర్వాతి రెండు లోపలి పట్టాలకు లోహపు ఫిష్‌ప్లేట్లకు బదులు ప్లాస్టిక్ ఇన్సులేటెడ్ జాయినర్లు పెట్టి తీరాలి. అవి లేకుండా లైన్లకు వైర్లు దింపితే, పాయింటు ఒకవైపు బాగా పనిచేస్తుంది, రెండోవైపు తిప్పగానే షార్ట్. యూనిఫ్రాగ్ ప్యాకెట్లోంచి తీసి అలాగే వేయవచ్చు. కావాలంటే తర్వాత క్రాసింగ్‌కు స్విచ్ కలపవచ్చు. దొరికితే దీన్నే తీసుకోండి. పాయింటు మోటార్లు మొదట్లో అక్కర్లేదు. పీకో పాయింటులో స్ప్రింగ్ ఉంటుంది, వేలితో తిప్పితే టక్కున నిలబడుతుంది.

ఇంజన్ని ఎంత నెమ్మదిగా నడవగలదో అంత నెమ్మదిగా ప్రతి లైను చివరిదాకా నడపండి. వేగంగా పోతే లోపాలు దాటేస్తుంది, కనిపించవు. ఎక్కడ తడబడినా ఇప్పుడే సరిచేయండి. కంకర పోశాక పట్టా కదలదు.

వ్యాగన్లు

లేఅవుట్ బాగా నడవడం నూటికి తొంభై పాళ్లు వ్యాగన్ల మీదే ఉంటుంది. వెనక్కి నెట్టినప్పుడు తేలిక వ్యాగను పాయింటు మీద లేచిపోతుంది. అందుకే బరువు లెక్కగా ఉండాలి. అమెరికా మోడలర్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ హెచ్‌ఓకు సూచించేది 28 గ్రాములు, దానికి తోడు ప్రతి సెంటీమీటరు పొడవుకు 5.6 గ్రాములు. మన బాక్స్‌ఎన్ బాడీ 11.2 సెం.మీ. కాబట్టి దాదాపు 90 గ్రాములు. వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. ఎనిమిదీ ఒకే బరువుకు రావాలి. ఎక్కువ తేడా ఉంటే బరువు వ్యాగన్ల నడుమ చిక్కిన తేలికది ముందుగా తప్పుతుంది.

తక్కువైన బరువుకు టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు అతికించే 5 గ్రాముల బిళ్లలు చక్కగా పనికొస్తాయి. వ్యాగను అడుగున, చక్రాలుండే రెండు బోగీ ట్రక్కుల మధ్య సమంగా పంచండి. సీసం గుళ్లు పోసి ఫెవికాల్‌తో అతికించే అలవాటు కొందరికి ఉంది. అది చేయకండి. సీసం ఆ జిగురుతో మెల్లగా చర్య జరిపి తెల్లటి పొడిగా ఉబ్బి, ఏళ్ల తర్వాత వ్యాగన్ని లోపలినుంచి పగలగొడుతుంది.

ప్లాస్టిక్ చక్రాలు మురికిని పట్టాల నిండా పూస్తాయి, వాటిని తీసేసి లోహపు చక్రాలు వేయండి. నిజం చక్రం 1,000 మి.మీ., హెచ్‌ఓలో 11.5. దొరికేవాటిలో దగ్గరిది 10.5 మి.మీ. వెర్నియర్‌తో రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య కొలవండి, 14.4 నుంచి 14.5 మి.మీ. ఉండాలి. తక్కువైతే చక్రం క్రాసింగ్ దగ్గర పట్టా పక్కనే ఉండే చెక్‌రైలుకు ఎక్కుతుంది. ఎక్కువైతే క్రాసింగ్ కొనను కొడుతుంది. మీటరు చెక్కను ఒకవైపు మూడు సెంటీమీటర్లు ఎత్తి పట్టా మీద వ్యాగన్ని వదిలితే తనంతట తాను దొర్లాలి.

బోగీ ట్రక్కుల స్క్రూల విషయం ఎవరూ చెప్పరు, కానీ పట్టాలు తప్పడం ఇక్కడే ఆగుతుంది. ఒక ట్రక్కు స్క్రూను పక్కలకు తిరిగేంత మాత్రమే వదిలి బిగించండి, అటూఇటూ ఒరగకూడదు. రెండో ట్రక్కు స్క్రూను అర చుట్టు వదులు చేయండి, అది ఒరగాలి. అప్పుడు వ్యాగను మూడు చోట్ల ఆని నిలుస్తుంది. పట్టా ఎగుడుదిగుడుగా ఉన్నా ఏ చక్రమూ గాలిలో ఉండదు. రెండూ బిగిస్తే ఒక చక్రం లేస్తుంది, రెండూ వదిలితే వ్యాగను ఊగుతుంది.

కప్లింగులకు కేడీ 5వ నంబరు లాంటి పిడికిలి వేళ్లలా ఒకదాన్నొకటి పట్టుకునే నకుల్ రకం వాడండి. బాక్స్‌ఎన్‌కు నిజంగానే సెంటర్ బఫర్ కప్లర్ ఉంటుంది కాబట్టి చూడటానికీ ఒప్పుతుంది. పట్టా తల నుంచి కప్లర్ నడిమికి ఎత్తు 9.9 మి.మీ. దీన్ని కొలిచే గేజి దొరుకుతుంది, కొనండి. ఎత్తు తేడా ఉంటే తోసినప్పుడు ఒకటి పైకి జారి విడిపోతుంది. కింద వేలాడే తీగ పట్టాకు 0.8 మి.మీ. పైన ఉండాలి. అంతకన్నా దిగితే పాయింటుకు తగులుకుంటుంది. విడదీయడానికి అయస్కాంతాలు పెట్టే పద్ధతి ఉంది గానీ, ఉక్కు ఇరుసులున్న వ్యాగన్లను అవి తమవైపు లాగుతుంటాయి. వెదురు పుల్ల కొన చదునుగా చెక్కి కప్లర్ల మధ్య పెట్టి తిప్పితే విడిపోతాయి. అంతకంటే నమ్మకమైనది లేదు.

రంగు వేసేటప్పుడు బాక్స్‌ఎన్ లోపలిభాగాన్ని బయటికంటే ఎక్కువ తుప్పు రంగులో వేయండి. బొగ్గు రాపిడికి అక్కడ రంగు నిలవదు. బయట తుప్పు చారలు పైఅంచు నుంచి కిందికే జారాలి. సిక్ లైన్ కాబట్టి అన్నీ ఖాళీ వ్యాగన్లే పెట్టండి. అడుగున చిటికెడు బొగ్గుపొడి చల్లితే చాలు.

క్యాబిన్ కిట్

చివర మిగిలిన చోటులో ప్లాస్టిక్ కిట్ ఒకటి కట్టండి. మొదట ఎయిర్‌ఫిక్స్ తెచ్చి, తర్వాత డపోల్ అమ్ముతున్న సిగ్నల్ బాక్స్ కిట్ దీనికి బాగుంటుంది. అది ఇంగ్లండ్‌లోని ఓఖమ్ క్యాబిన్ నమూనా. మన పాత క్యాబిన్లు కూడా బ్రిటిష్ కాలపు పద్ధతిలో కట్టినవే కాబట్టి ఆకారం పరాయిగా అనిపించదు. కిట్ మాత్రం ఓఓ స్కేలు, అంటే 1:76. మన వ్యాగన్ల కంటే ఏడో వంతు పెద్దది. అందుకే దాన్ని వెనక కాకుండా ముందుభాగంలో, చూసేవారికి దగ్గరగా పెట్టండి. దగ్గరి వస్తువు పెద్దగా కనిపించడం కంటికి సహజమే.

ముందు భాగాలన్నిటినీ చట్రంతో సహా గోరువెచ్చని నీటిలో, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి విడిపించడానికి వాడిన జిడ్డు ఉంటే రంగు పొరలుగా లేస్తుంది. భాగాన్ని వాడేముందే చట్రం నుంచి కోయండి. అన్నీ ఒకేసారి కోస్తే నంబర్లు పోతాయి. రెండు కోతలు వేయాలి. మొదటిది భాగానికి రెండు మిల్లీమీటర్ల దూరంలో, రెండోది అంచుకు దగ్గరగా. ఒకే కోతతో అంచుకు ఆనించి నొక్కితే ప్లాస్టిక్ తెల్లబారి గుంట పడుతుంది. మిగిలిన మొలకను 400, తర్వాత 800 ఎమరీతో అరగదీయండి. గుండ్రని కొయ్య మీద కాకుండా చదునైన చెక్కకు చుట్టి రాయాలి, లేకపోతే గోడ అంచు గుండ్రమై మూలల్లో సందు వస్తుంది.

జిగురు పెట్టకముందు గోడలన్నిటినీ మాస్కింగ్ టేపుతో కలిపి చూడండి. కప్పు కూడా పెట్టి చూడండి. సరిపోతే ఒక మూలను మూలమట్టానికి ఆనించి నిలిపి, పలుచని స్టైరీన్ సిమెంటు, టమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది, బ్రష్‌తో లోపలివైపు అతుకుకు తాకించండి. అది తనంతట సందులోకి పాకుతుంది. ఇది అతికించదు, రెండు ప్లాస్టిక్‌లనూ కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే రంగు పడిన చోట పట్టదు, అతుకు ముఖాల మీద రంగును గీకేయాలి. పట్టుకున్న వేలు అతుకు మీద ఉంటే సిమెంటు వేలి కిందికి పాకి, గోడ మీద వేలిముద్ర శాశ్వతంగా పడుతుంది. అర నిమిషం పట్టుకుని, తర్వాత రాత్రంతా కదపకండి. ట్యూబులో వచ్చే చిక్కటి జిగురు ఎక్కువ పెడితే లోపల ఆరక పల్చటి గోడ వారం తర్వాత వంగుతుంది. కిటికీలు తెరిచిన గదిలోనే పని చేయండి, ఆవిర్లు మంచివి కావు.

కిటికీ అద్దాలు రంగులన్నీ అయ్యాకే. వాటికి సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరి అద్దం మీద తెల్లటి మసకగా దిగుతుంది, తేమ ఉన్నరోజు ఇంకా ఎక్కువ. ఫెవికాల్ చుక్కలు చాలు, ఆరితే కనిపించదు. పలక రాళ్ల కప్పు వద్దనుకుంటే 1.5 మి.మీ. స్టైరీన్ షీటుతో చదును స్లాబు వేసి, చుట్టూ 8 మి.మీ. చూరు వదలండి. ఆ కిట్ స్కేలులో అది రెండడుగులవుతుంది.

రంగుకు ముందు ప్రైమర్ పలుచగా రెండు పూతలు. స్ప్రే డబ్బా అయితే 20, 25 సెం.మీ. దూరం నుంచి, భాగం దాటి మొదలుపెట్టి భాగం దాటి ఆపాలి. ఎయిర్‌బ్రష్ అయితే టమియా అక్రిలిక్‌ను దాని థిన్నర్‌తో సగంసగం కలిపి, పాల చిక్కదనానికి తెచ్చి, 15 నుంచి 20 పీఎస్ఐతో కొట్టండి. గాలిలో తేమ 70 శాతం దాటిన రోజు స్ప్రే పని పెట్టుకోకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ తడి రంగులో దిగుతుంది, ఆరాక బూడిద పట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఆషాఢ శ్రావణాల్లో బ్రష్ పని, ఎండలు తిరిగాక స్ప్రే పని అని పంచుకుంటే ఇబ్బంది ఉండదు. ఇటుక గోడకు రంగు ఆరాక, లేత మట్టిరంగు అక్రిలిక్‌ను నీళ్లలో బాగా పలుచన చేసి గోడంతా పారించి, పొడిగుడ్డతో ఇటుకల ముఖం మీంచి తుడవండి. సందుల్లో నిలిచింది సున్నంలా కనిపిస్తుంది. డెకాల్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మ, ఏదైనా అతికిస్తే కింద నిగనిగల వార్నిష్ పూత ఉండాలి. మెరుపు లేని రంగు మీద అతికిస్తే గరుకు సందుల్లో గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

కంకర, నేల

నిజం కంకర 50 మి.మీ., హెచ్‌ఓలో 0.6. హెచ్‌ఓ అని అమ్మే కంకర చాలావరకు లావుగా ఉంటుంది. ఇల్లు కట్టేచోట రోబో ఇసుక గుప్పెడు తెచ్చుకోండి. కడిగి ఆరబెట్టి, టీ వడకట్టేదానితో జల్లించి, కింద పడినదాన్ని పల్చటి నైలాన్ గుడ్డతో మళ్లీ జల్లిస్తే, గుడ్డలో మిగిలింది సరిగ్గా సరిపోతుంది. వాడేముందు ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అయస్కాంతాన్ని దానిలో తిప్పండి. అంటుకున్న రజను పారేయండి, అది మోటారులోకి పోతే ఇంజను పోయినట్టే. సముద్రపు ఇసుక మాత్రం వద్దు. ఉప్పు సోల్డరు అతుకుల్ని తినేస్తుంది. పైగా భీమిలి తీరం లాంటి చోట్ల నల్ల ఇసుకలో మాగ్నటైట్ ఉంటుంది, అది నేరుగా మోటారు అయస్కాంతాన్ని పడుతుంది.

పొడి కంకరను స్లీపర్ల మధ్య చెంచాతో పోసి మెత్తటి బ్రష్‌తో సర్దండి. స్లీపర్ల పైముఖం బయటికి కనిపించాలి. సర్దడంలోనే అందమంతా ఉంది, తొందరపడకండి. లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీటిని సన్నగా స్ప్రే చేసి తడపండి. తర్వాత ఒక భాగం ఫెవికాల్, మూడు భాగాలు నీళ్లు, చుక్క లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో వదలండి. తడపకుండా జిగురు వదిలితే అది పాకదు, బంతులుగా నిలిచి కంకరను పక్కకు తోస్తుంది. టంగ్ రైళ్ల దగ్గర నాలుగు సెంటీమీటర్ల మేర కంకర పల్చగా, జిగురు ఇంకా తక్కువగా. ఆరేదాకా పాయింటును గంటకోసారి అటూఇటూ తిప్పుతూ ఉండండి.

నేలకు ఎర్రమట్టిని మూకుడులో పొడిగా వేయించి జల్లించండి. వాడేసిన టీ పొడిని కొందరు గడ్డికి వాడతారు. తీరప్రాంతంలో దానికి బూజు పడుతుంది, రంపపు పొట్టుకు రంగేసి వాడండి. పనయ్యాక పట్టా తలను నూలు పోగులు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. ఎమరీతో రుద్దితే గీతలు పడి మురికి అక్కడే స్థిరపడుతుంది. ఆడనప్పుడు పలక మీద పాత చీర కప్పి ఉంచితే ఫ్యాను దుమ్ము సగం తగ్గుతుంది.

ఆట

వ్యాగన్లకు నంబర్లు వేసి, అవే నంబర్లతో ఎనిమిది చీటీలు చేయండి. పెద్ద లైనులో 5, చిన్న లైనులో 3 వ్యాగన్లు నిలపండి, మూడో లైను ఖాళీ. ఐదు చీటీలు తీసి, వచ్చిన వరుసలోనే పెద్ద లైనులో కూర్చండి. నెక్‌లోకి ఒకేసారి మూడుకు మించి రావు. మొదటి వ్యాగను దొరికేదాకా తడుముకుంటారు. ఖాళీ లైన్ని ఊరికే నింపేయకుండా కాపాడుకుంటే దారి దొరుకుతుంది.

ఇంట్లో నాలుగడుగులే ఉంటే 3, 2, 2 అమరిక కట్టండి. నెక్‌లో ఇంజనూ రెండు వ్యాగన్లూ పడితే చాలు, వ్యాగన్లు ఐదు, కూర్చాల్సింది మూడు, వరుసలు 60. వ్యాగన్ పొడవుతో గుణించే లెక్క మాత్రం అదే.